మితాన్‌ని పేరుపెట్టి పిలిచినవాడు

ఆయతు నోటుబుక్కు తెచ్చి తప్పులు దిద్దమన్నాడు. రిటైరై నాలుగేళ్ళయింది కదా, మళ్ళీ ఎర్ర పెన్ను పట్టుకోమంటే ఎగిరి గంతేశాను. తీరా చూస్తే అది నవల!

ఆయతు నా బళ్ళో చదువుకున్నవాడే, ఊరు మరైగూడ, ఇరవై రెండేళ్ళవాడు. దోర్నపాల్‌లో బస్సులు ఆగేచోట మొబైల్ రిపేరు బడ్డీ నడుపుతాడు. పోయిన వానాకాలం రెండు నెలలు ఆ బడ్డీ తెరవలేదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు, మాటా వద్దన్నాడు. వాళ్ళమ్మ సన్నే పూజలు చేయించింది. చివరికి బచేలీ నుంచి స్నేహితుడు ధీరజ్ వచ్చి, బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు డిప్రెషన్ అని మందులిచ్చాడు. ఆ మందులు మింగుతూనే నవల రాశాడండీ వీడు!

ధీరజ్ బచేలీ ఇనుపగనుల కాలనీలో పెరిగిన ఆంధ్రావాడు, ఆయతు ఈడే. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చి స్నేహితుడయ్యాడు. మూడేళ్ళ కిందట సన్నే ముచ్చటపడి ఇద్దరినీ మితాన్లను చేసింది. మితాన్ అంటే మా బస్తర్‌లో ప్రమాణం చేసుకున్న స్నేహం. ఇక జన్మంతా అన్నదమ్ముల లెక్కే. ఒక్కటే నియమం: ఒకరి పేరు ఒకరు పలకకూడదు, మితాన్ అనే పిలుచుకోవాలి.

ఇక నవల. ఇద్దరు కుర్రాళ్ళు అంతరిక్ష నౌకలో శనిగ్రహానికి పోతారు. రైలు కూడా ఎక్కనివాడు రాసిన మాట ఇది! ముప్పై ఏళ్ళు నేను శనిగ్రహమంటే బోర్డు మీద సున్నా చుట్టి, అడ్డంగా గీత గీసి "రాసుకోండర్రా" అన్నదాన్ని. వీడికి ఆ వలయాలు తెల్లారేసరికి చెట్టుచుట్టూ రాలిన ఇప్పపూలలా కనిపించాయి. నౌకలో ఒకడి మనసు చీకటైపోతుంది, కిటికీకి వీపుపెట్టి పడుకుంటాడు. రెండోవాడు "లే" అనడు. పక్కన కూర్చుని, బయట ఏం కనిపిస్తోందో మెల్లగా చెబుతూ ఉంటాడు. చదువుతూ చదువుతూ ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను.

"రెండోవాడికి పేరు పెట్టలేదేంరా?" అన్నాను.

"మితాన్ గద టీచరమ్మా."

"కథలో కూడానా?"

తల దించుకున్నాడు. "పేరు పలికితే మితాన్ తెగుతది. తెగితే, ఇగ వాడు నాకేందో చెప్పాలె గద. దోస్తానా కాదు టీచరమ్మా, ప్రేమ. చెప్తే పోతడేమో. పోతే మళ్ళ నాకు ఆ గోడే."

"చెప్పరా" అనబోయి నాలుక కరుచుకున్నాను. బద్దలయ్యేది నా గుండె కాదుగా!

సంత రోజున నోటుబుక్కు ఇచ్చేద్దామని బడ్డీకి వెళ్ళాను. పక్కనే సన్నే చింతపండు గంపతో కూర్చుంది. బస్సు దిగి ధీరజ్ వస్తున్నాడు. ఆయతు చేతిలో ఫోను కింద పెట్టి లేచాడు.

"ధీరజ్!"

సన్నే అదిరిపడింది. "ఓరి నీ నోట్ల మన్నుబడ! మితాన్ని పేరుబెట్టి పిలుస్తవేందిరా? కీడు తగుల్తది!"

"నాకు మితాన్ వద్దే అమ్మా."

ధీరజ్ ఉన్నచోటే ఆగిపోయాడు. "ఏమన్నావ్?"

"ధీరజ్ అని పిలిచిన." ఆయతు ఒక అడుగు ముందుకేశాడు. "తెలిసే పిలిచిన. కోపమొస్తే పో."

నేను నోటుబుక్కు గుండెకు అదుముకున్నాను. ధీరజ్ కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"మూడేళ్ళైంది రా నీ నోట నా పేరు విని. మీ అమ్మ కట్టిందని ఊరుకున్నాగానీ, ఆ మితాన్, ఆ అన్నదమ్ముల లెక్క నాకెప్పుడు కావాలి? ఆయతూ!"

"వీడు గూడనా!" అని సన్నే నెత్తి కొట్టుకుంది.

పట్టపగలు, నడిసంతలో, ఇద్దరూ ఒకరి పేరు ఒకరు మళ్ళీ మళ్ళీ పలుకుతున్నారు. నేను నోటుబుక్కు ఇవ్వడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడిపోయాను.