బురద టైర్లు

స్టేషన్ ఘన్‌పూర్‌లో బడి బస్సు నడిపే సారయ్య సాయంత్రమైతే తన పాత జీపు కిందనే ఉండేవాడు. లారీల నుంచి విప్పిన కమాన్ స్ప్రింగు పట్టీలు ఏరుకొచ్చి, బురద పోటీల కోసం జీపును ఎత్తు చేశాడు; బురదను పట్టే టైర్లను ఊళ్లు తిరిగి సంపాదించాడు. పక్కన కూర్చొని పానాలు, స్క్రూడ్రైవర్లు అందించే దోస్తు ధీరజ్‌ను సొంత తమ్ముడనుకున్నాడు. భూపాలపల్లిలో బురద పోటీ ఉన్న రోజు పొద్దున లేచి చూస్తే, టైర్లు లేని జీపు ఇటుకల మీద నిలబడి ఉంది. బస్సెక్కి పోటీకి పోతే, ఆ టైర్లు ధీరజ్ కొత్త బండికి కనిపించాయి. బండి బురదలో దిగబడి ఉంది.

“నువ్వు ఇయ్యవనుకున్న, సారన్నా,” అన్నాడు ధీరజ్ తల దించుకొని.

“అడిగితే ఇయ్యకపోదునారా?”

సారయ్య బురదలో మోకాళ్లూని పట్టు దొరికేలా టైర్ల గాలి తగ్గించాడు. బండి పైకొచ్చింది. జనం ఈలలేశారు.

“టైర్లు రేపు తెచ్చిస్త, అన్నా!”

“నువ్వే ఉంచుకో. మళ్ల నా వాకిట్లకు రాకు.”