పిక్కలు కాల్చిన పూట పీహెచ్‌డీ వైవా

మొన్న నేను ఒక పీహెచ్‌డీ వైవాలో ప్రశ్న అడిగాను. నవ్వకండి, నిజంగానే అడిగాను. కంప్యూటర్‌లో అవతల విదేశీ ప్రొఫెసరు కూర్చుని ఉన్నాడు. ఆయన జవాబు కూడా చెప్పాడు. ఏమడిగానో వింటే మాత్రం మీరు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతారు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మా పెద్దమ్మాయి కూతురు రూతు ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేసింది. ఆఖరి పరీక్ష, అదే వైవా, ఆన్‌లైన్‌లో పెట్టారు. పలాసలో వాళ్ల ఇంటిని ఆనుకునే కల్యాణ మండపం, పైగా పెళ్లిళ్ల రోజులు. ఆ మైకుల హోరులో పరీక్ష ఎలా ఇస్తుంది? అందుకని ఉద్దానంలో మా ఇంటికొచ్చింది. మాది జీడితోటల మధ్య ఊరు, గాలి హోరు తప్ప మరో చప్పుడు లేదు. ఒక్కటే చిక్కు. సిగ్నల్ వెనక గదిలోనే ఉంటుంది, అదీ పెరటి కిటికీ పక్కన కూర్చుంటేనే. ఆ కిటికీయే కొంప ముంచింది.

వచ్చిన రోజు రూతు మాటల్లో ఒక సంగతి చెప్పింది. వైవా ఎవరైనా వినొచ్చట. చివర్లో, "ఇంకెవరైనా ప్రశ్నలు అడుగుతారా?" అని కూడా అంటారట.

"ఎవరైనా అంటే?" అన్నాను.

"ఎవరైనా తాతా."

"ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టినోడు కూడానా?"

"పిక్కలు కొట్టినోడు అడక్కూడదని రూల్స్‌లో ఎక్కడా లేదు."

ఆ మాట నా గుండెలో ఎక్కడ తగిలిందో దానికి తెలీదు. నేను కూడా ఒకప్పుడు టెక్కలి కాలేజీలో ఫిజిక్స్ గ్రూపులో చేరినవాణ్ణే. చీకటి గదిలో గాజు పట్టకం గుండా వెలుగు ఏడు రంగులై గోడ మీద పడితే, నోరు తెరుచుకుని చూసినవాణ్ణే. "డౌట్లున్నాయా?" అని లెక్చరర్ గారు అడిగినప్పుడల్లా నాకు బోలెడు ఉండేవి. లేచి ఇంగ్లీషులో అడగడానికి భయం. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటుండగానే మా నాన్న మంచాన పడ్డాడు. ఉద్దానంలో మనిషి మంచాన పడ్డాడంటే ఏ జబ్బో మీకు చెప్పాలా? కిడ్నీలు. నేను కాలేజీ మానేసి పలాస జీడి ఫ్యాక్టరీకి వెళ్లాను. జబ్బు తెచ్చిందంటున్న మా నీళ్ల మీద కోపం, నాయకుల మీద కోపం, యజమాని మీద కోపం. ఆ కోపం యూనియన్‌లో పనికొచ్చింది, బాగానే పోట్లాడాను. కానీ పిక్క పగలగొట్టిన ప్రతిసారీ లోపల నిండు పప్పు గుండు ఉందా, విడిపోయిన బద్ద ఉందా, పుచ్చా అని చూస్తుంటే ఆ చీకటి గదే గుర్తొచ్చేది. వస్తువు లోపల ఏముంది? నాకు తెలుసుకోవాలనిపించింది అదొక్కటే. అది అడిగే చోటు నుంచే లేచి వచ్చేయాల్సొచ్చింది.

అలాంటివాడికి ఇన్నేళ్లకు, "ఎవరైనా అడగొచ్చు" అంటే ఎలా ఉంటుందో చూడండి!

వైవాకి ముందురోజు సాయంత్రం రూతుని అరుగు మీద కూర్చోబెట్టాను.

"సెప్పమ్మీ. నీ సదువేటో నాకు అర్థమయ్యేలా సెప్పు."

పాపం ఓపిగ్గానే చెప్పింది. మెసాన్లని కొన్ని కణాలున్నాయట. వాటిలో ఎఫ్-నాట్, ఏ-నాట్ అని రెండు, ఇంచుమించు ఒకే బరువు. వాటి లోపల ఏముందో తేలక లోకమంతా తగువులాడుకుంటోందట. క్వార్కులనే చిన్న ముక్కలు రెండే గట్టిగా కరుచుకుని ఉన్నాయంటారు కొందరు. రెండు కాదు నాలుగంటారు మరికొందరు. అవేం కాదు, కేయాన్లనే చిన్న కణాలు రెండు వదులుగా చేతులు పట్టుకున్నాయంతే అంటారు ఇంకొందరు.

"పగలగొట్టి సూడొచ్చు కదేటి?"

"పగలగొట్టి చూసేంత సేపు అది బతకదు తాతా. అందుకని వెలుగును చూస్తాం. ఫై అనే ఇంకో కణం ఉంది. అది ఒక్కోసారి చిన్న వెలుగుని విసిరేసి ఈ ఎఫ్-నాట్‌గానో ఏ-నాట్‌గానో మారిపోతుంది. ఎంత వెలుగు, ఎన్నిసార్లు వచ్చిందో చూసి, లోపల ఏముందో ఊహిస్తాం."

"అంటే పిక్క నిప్పుల్లో పడితే భగ్గుమన్నట్టు!"

"ఊఁ... అలాగే అనుకో."

ఆ తర్వాత ఇంకో మాట అంది. ఆ వెలుగు చాలావరకు వచ్చేది ఎఫ్-నాట్ నుంచి కాదట. ఫై విడిపోయినప్పుడు కేయాన్లు పుట్టి ఓ చుట్టు తిరుగుతాయట, వెలుగు వాటినుంచి వస్తుందట. అది విన్నాక నా బుర్రలో ఒక ప్రశ్న మొలిచింది. పిక్క కాలితే వచ్చే మంట లోపలి పప్పుది కాదు, పైపెంకులో ఉన్న నూనెది. మంటను చూసి లోపల గుండుందో పుచ్చుందో చెప్పమంటే ఎవడు చెబుతాడు? మరి వీళ్లెలా చెబుతారు? నోటిదాకా వచ్చింది, మింగేశాను. దీన్ని అరుగు మీద ఖర్చు చేస్తానా? రేపు ఆ గదిలో, అందరూ వింటుండగా అడగాలి. ఆ రాత్రి కలలో కూడా అదే ప్రశ్న.

వైవా రోజున ఉదయాన్నే పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. భోజనాల వేళ దాటాక మొదలైంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కెమెరాకి కనపడకుండా మంచం మీద కూర్చున్నాను. రూతు గడగడా ఇంగ్లీషు మాట్లాడుతోంది. తెర మీద బొమ్మలు. ఒక బొమ్మలో గుండ్రటి గీత, దాని నుంచి బయటికి వంకరటింకరగా పోతున్న వెలుగు. అది చూడగానే నాకు గుబులు పుట్టింది. ఇంతకీ మంటంతా పెంకుదేనా? పుచ్చు పిక్కా, మంచి పిక్కా ఒకేలా మండుతాయా? నేను పిక్క కాల్చి ఎన్నేళ్లయింది! ఇప్పుడు ఫ్యాక్టరీలన్నీ పిక్కల్ని ఆవిరి మీదే కదా ఉడికిస్తున్నాయి. ఆ పెద్దమనుషుల ముందు తప్పు మాట్లాడితే ఎవరి పరువు పోతుంది? రూతుది! ఒక్కసారి చూసుకుని వద్దామని పిల్లిలా లేచి పెరట్లోకి వెళ్లాను.

కొబ్బరి పీచు అంటించాను. పాత ఇనప మూకుడు పెట్టాను. మంచి పిక్కలు ఓ పక్క, నీళ్లలో వేస్తే తేలిపోయిన పుచ్చువి ఓ పక్క వేసి కూర్చున్నాను. కాసేపు ఏమీ లేదు. ఇంకాస్త దగ్గరికి వంగి చూశాను.

భగ్గుమంది చూడండి! మంచిదో పుచ్చుదో చూసేలోపే మంట నా మొహం మీదికి లేచింది. ఎడమ కనుబొమ్మ చిటపటమంది. వెనక్కి పడ్డాను. ఇంతలో మధ్యాహ్నపు సముద్రపు గాలి మళ్లింది. జీడి పెంకు పొగ ఎంత ఘాటో తెలిసినవాళ్లకే తెలుసు, కళ్లల్లో కారం కొట్టినట్టుంటుంది. ఆ నల్లటి పొగంతా దారి తెలిసినట్టు నేరుగా రూతు కిటికీలోకి పోయింది.

మా ఆవిడ సారమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఓలమ్మా! ఏటి సేత్తన్నావయ్యా? గుంట పరీచ్చ రాత్తంటే పిక్కలు కాలుత్తావా? మతి గానీ పోయిందేటి నీకు?"

లోపల రూతు దగ్గు. ఆపకుండా దగ్గు. నేను కిటికీ మూద్దామని గదిలోకి దూకాను. తెర మీద ప్రొఫెసర్లందరూ కంగారుగా ముందుకు వంగి చూస్తున్నారు. పిల్ల కళ్లవెంట ధారలు. ఆ విదేశీ ఆయన మెల్లగా ఏదో అంటున్నాడు. తర్వాత రూతు చెప్పింది, "నా ప్రశ్న అంత కఠినమైనదేం కాదమ్మా, దయచేసి ఏడవకు" అన్నాడట!

నేను కిటికీ రెక్కలు లాగి వెనక్కి తిరిగాను. తెరలో నా మొహం. సగం నలుపు, ఒక కనుబొమ్మ లేదు.

రూతు గైడు గారు తెలుగాయనే. "ఎవరమ్మా?" అన్నారు.

"మా తాతయ్య సార్. పిక్కలు కాలుస్తున్నాడు."

"ఇప్పుడా?"

"అదే నాకూ అర్థం కావట్లేదు సార్."

అందరూ నవ్వారు. రూతు నీళ్లు తాగింది, మిగిలిన ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు చెప్పింది. నేను మూలన నిలబడే ఉన్నాను. అప్పుడు గైడు గారు గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఏదో అని, తెలుగులో, "పెద్దాయనా, ఇది అందరికీ అవకాశం. మీరేమైనా అడుగుతారా?" అన్నారు.

నన్నే. టెక్కలిలో నేను నోరు మెదపని ఆ "డౌట్లున్నాయా?" మళ్లీ నా కోసం వచ్చింది. రెండడుగులు ముందుకు వేశాను. రూతు తల తిప్పి నావైపు చూసింది. తెర మీద అన్ని మొహాలూ నావైపే. యజమానుల ఇళ్ల ముందు మైకు పట్టుకుని గర్జించిన గొంతు నాది. ఆ గొంతులో ఒక్క ముక్క లేదు! పిక్క లేదు, పెంకు లేదు, వెలుగు లేదు. ప్రశ్న మొత్తం పొగతో పాటే పోయింది. ఏదో ఒకటి అనాలి కదా.

"అందరూ బోయినాలు సేసారా అండీ?" అన్నాను.

గైడు గారు ఎంతో మర్యాదగా దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. విదేశీ ఆయన గడియారం చూసుకుని, అంతకంటే మర్యాదగా, ఇంకా లేదని చెప్పాడు. వైవా ముగిసింది. రూతు డాక్టరయింది.

తెర ఆర్పేశాక అది నా దగ్గరికొచ్చి, కనుబొమ్మ ఉండాల్సిన చోట వేలితో తుడిచింది. "తాతా, అసలేం అడుగుదామనుకున్నావు?"

అప్పుడొచ్చింది చూడండి ప్రశ్న, పొల్లు పోకుండా! మంట పెంకుదైతే పప్పు సంగతి ఎలా చెబుతారని అడిగేశాను. రూతు నవ్వలేదు. మంచం మీద కూలబడింది.

"నా ఆఖరి చాప్టరంతా అదే తాతా. ఫై విసిరిన వెలుగు చాలదు. ఎఫ్-నాట్, ఏ-నాట్ తాము విడిపోతూ తమంతట తాము వదిలే వెలుగుని చూడాలి. లోపల గట్టిగా ఉంటే ఒకలా వస్తుంది, వదులుగా ఉంటే మరోలా. నువ్వు మంచం మీంచి లేచి వెళ్లావే, ఆ తర్వాత చెప్పిందంతా అదే."

అంటే నేను పెరట్లో ప్రశ్నను పరీక్షించుకుంటున్నప్పుడు, గదిలో దాని జవాబు నడుస్తోందన్నమాట!

"మరి ఆ వెలుగుని ఎవరైనా కొలిసారా?"

"ఇంకా లేదు తాతా. చాలా అరుదు. కొలవాలి."

గుమ్మంలోంచి సారమ్మ అందుకుంది. "ఆ దొర బోయినమూ ఇంకా లేదు, నీ కణం సంగతీ ఇంకా లేదు. నువ్వైనా వచ్చి ఇంత తింటావా, ఆ మూకుడు కాడే కూకుంటావా?"

తిన్నాను. అన్నం కూడా జీడి పొగ వాసనే వేసింది.

మీ ఎరికలో ఎవరైనా ఆ వెలుగుని కొలిస్తే నాకు కబురు పెట్టండి బాబూ. మళ్లీ ఆ గదిలోకి రావాలని ఉంది. ఈసారి పొయ్యి ఆర్పేసి, ప్రశ్నను అరచేతి మీద రాసుకుని వస్తాను. భోజనాల సంగతి మాత్రం ఎవర్నీ అడగను.