గాలి వదిలేసిన సిలిండర్లు

2023 వేసవి. బంగారుపాళ్యం చుట్టుపక్కల తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలే మినీ ట్రక్కు నాది. నేను బడికి పోలేదు. అక్షరాలూ, స్టీరింగూ రెండూ నాయన ఇంట్లో నేర్పినవే. ఆయన్ని తలుచుకుని, దేవుడికి దండం పెట్టుకునే రోజూ బండెక్కుతాను.

ఆ రోజు కాయలు దించి వస్తుంటే హైవే పక్కన ఒక వ్యాన్ చెడిపోయి ఆగి ఉంది. అందులో చెన్నై నుంచి వచ్చిన ఇద్దరు డైవర్లు, నీళ్లలో మునిగి వెతికేవాళ్లు. మూతపడిన గ్రానైట్ క్వారీ గుంతలో మునెప్ప అనే కూలీ ముందురోజు ఈతకు దిగి పైకి రాలేదు. అతన్ని వెతకడానికి పిలిపించారు. వాళ్లలో పెద్దాయన సెల్వం, "మా సామాన్లు చేరుస్తావామ్మా?" అని అడిగాడు.

ఆరు స్కూబా సిలిండర్లు. నీళ్లలో ఊపిరి పీల్చడానికి మామూలు గాలినే విపరీతమైన ఒత్తిడితో నింపుతారట. ఒక్కోటి పదిహేను కిలోల పైమాటే. గాలి తెరిచే వాల్వ్‌కు దెబ్బ తగలకూడదు. అడ్డంగా పడుకోబెట్టి, కాయల కింద పరిచే గడ్డి మధ్యమధ్య కుక్కి, పైన పట్టా కప్పాను.

"గుడ్లు సర్దినట్టు సర్దినావే!" అని సెల్వం నవ్వాడు.

క్వారీ దగ్గర రాళ్లగుట్టలు దాటి బండి పోలేదు. సిలిండర్లు అందులోనే ఉంచి, మనిషి మునగడానికి నడుముకు కట్టుకునే సీసపు వెయిట్ బెల్టులు మోసుకుని డైవర్లతోపాటు నేనూ గుంతలోకి దిగాను. నీళ్ల అంచున మునెప్ప భార్య లక్ష్మమ్మ కూర్చుని ఉంది.

"మొగం సూసుకునేదానికన్నా దొరికితే సాలక్కా," అంది.

తిరిగి గట్టెక్కేసరికి బుస్సుమని చప్పుడు. మూతపడకముందు ఆ క్వారీలో పనిచేసిన మేస్త్రీ ఒకడు నాలుగు సిలిండర్ల గాలి వదిలేసి, ఐదోదాని మీద చెయ్యి వేస్తున్నాడు.

"ఏం చేస్తా ఉండావబ్బా?" అని పరుగెత్తి, తెరిచి ఉన్న వాల్వులు మూశాను.

"కంప్రెసర్ జరిపే ముందు గాలి తీసెయ్యల్ల గదా. పేలితే ఎవురు జవాబు? ఇరవై ఏండ్లుగా ఇదే నా పని."

రాతికి తూట్లు వేసే యంత్రానికి గాలినిచ్చేది కంప్రెసర్. దాన్ని జరిపే ముందు గాలి వదలడం క్వారీల్లో మంచి పద్ధతే. కానీ ఇది మనిషి ఊపిరి! ఒక్క మాట అడిగితే ఏం పోయేది?

సెల్వం వచ్చి గేజ్ బిగించి చూశాడు. అది ఒత్తిడి చూపే మీటరు. నాలుగూ ఖాళీ. అప్పుడు మేస్త్రీ అన్న మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఆడమనిషి తోలింది గదా సార్. గుంతల్లో ఎగరేసుకోని వచ్చింటుంది. దావలోనే కారిపోయుంటాయి."

"నా కండ్ల ముందర వదిలి నామీద పెడతావా?"

"నేను ముట్టనే లేదు. కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

నేను రోజూ మొక్కే స్వామిని అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాడు!

"సామి దాకా ఎందుకు? సిలిండర్ మీద చెయ్యి పెట్టి సూడు," అన్నాను. వాల్వులు మూసేటప్పుడే నా వేళ్లకు తెలిసింది. గాలి ఒక్కసారిగా బయటికి పోతే లోహం చల్లబడుతుంది. ఆ మండుటెండలో నాలుగూ చెమర్చి, జిల్లుమంటున్నాయి. మిగిలిన రెండూ వెచ్చగా ఉన్నాయి.

సెల్వం తాకి చూసి, మేస్త్రీ చెయ్యి పట్టి దానిమీద పెట్టాడు. "ఇది ఇప్పుడే వదిలిన గాలి." మేస్త్రీ చెయ్యి లాక్కున్నాడు.

ఒంటరిగా దిగకూడదన్నది వాళ్ల నియమం. ఇద్దరికీ చెరొక సిలిండర్. అదనంగా ఒక్కటీ లేదు.

"ఒక్క తూరే దిగగలం. దొరక్కపోతే రేపే," అన్నాడు సెల్వం. నేను కళ్లు మూసుకున్నాను.

దొరికాడు. నీళ్లలో రాతి అంచు కింద ఇరుక్కుని ఉన్నాడు. లక్ష్మమ్మ కొంగుతో అతని ముఖం తుడిచింది.

ఆ రెండు సిలిండర్లను మిగిల్చిన స్వామికి జీవితాంతం రుణపడి ఉంటాను. అయినా నా కోపం ఆరలేదు. తెలియక గాలి వదిలినందుకు కాదు. తెలిసీ అబద్ధం ఆడినందుకు, ఆ తల్లి ముందు ఒక్కసారైనా తల వంచనందుకు. నా తప్పూ ఉంది: సరుకును వదిలి దూరంగా పోయాను. ఎక్కించి చేరవేయడంతో నా పని అయిపోదని ఆ రోజే తెలిసింది. సొంతదారు చేతిలో పెట్టేదాకా ఇప్పుడు బండి వదలను. ఎవరైనా మధ్యలో చెయ్యి వేస్తే, "ఎవుర్ని అడిగినావు?" అంటాను. మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.