వద్దక్క ముద్ర

నిచ్చెనల కర్మాగారంలో అందరూ ఆమెను "వద్దక్క" అని పిలిచేవారు. తయారైన ప్రతి నిచ్చెనా చివరికి ఆమె బల్ల దగ్గరికే రావాలి. మెట్టుకు ఇసుక బస్తాలు వేలాడదీసి, మెట్టును బిగించే రివెట్టు చుట్టూ వేలితో తడిమి చూసేది. వెంట్రుకవాసి కదిలినా "వద్దు" అనేది, అంతే. బాగుంటే తన ఏడో నంబరు ముద్ర కొట్టేది.

భర్త పోయిన ఏడాది ఆమెకు ఆ పని ఇచ్చింది యజమానే. ఆయన చర్చిలో సంఘపెద్ద కూడా. "దీన్ని ఎవరెక్కుతారో మనకి తెలీదమ్మా. ప్రభువుకి తెలుసు. ఆయన చూస్తున్నాడనుకుని ముద్ర కొట్టు" అన్నాడు. ఇరవై రెండేళ్లు ఆమె అలాగే కొట్టింది. ఉదయం పనికి ముందు యంత్రాల మధ్యే ప్రార్థన జరిగేది. జబ్బుపడ్డ కార్మికుల పిల్లల్ని ఆయన పేరుపేరునా తలుచుకునేవాడు. అది నటన కాదు. తర్వాత ఆమె కడుపు మండింది అందుకే.

పెద్ద ఆర్డరు వచ్చిన ఏడాది రివెట్లు మారాయి. కొత్తవి సన్నం. మొదటి రోజే నలభై నిచ్చెనల్ని ఆమె పక్కన పెట్టేసింది. మర్నాడు అరవై. యజమాని తన గదికి పిలిచాడు.

"ఎన్ని బస్తాలు కడుతున్నావమ్మా?"

"ఎప్పటిలాగే మూడు సార్."

"రెండు చాలు. మనిషి అంతకన్నా బరువుంటాడా?"

"మనిషి బస్తాలా కదలకుండా ఉండడు కదండీ. రంగు డబ్బా పట్టుకుని పక్కకి వంగుతాడు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఆర్డరు పోతే నూట ఇరవై కుటుంబాలు రోడ్డున పడతాయి. వాళ్లని చూసుకోమని దేవుడు నాకు అప్పజెప్పాడు. నీ పంతం కోసం వాళ్లని వదిలెయ్యమంటావా?"

"మరి ఎక్కేవాణ్ణి ఎవరికి అప్పజెప్పాడు సార్?"

"నువ్వు బాగా అలిసిపోయావమ్మా" అన్నాడాయన మెత్తగా.

మర్నాటి ప్రార్థనలో "మా సహోదరికి లోబడే మనసు దయచెయ్యి ప్రభువా" అని వేడుకున్నాడు. అందరూ "ఆమెన్" అన్నారు. అలవాటు కొద్దీ ఆమె నోట కూడా వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే ఆమెను అట్టపెట్టెలు అంటించే చోటికి మార్చారు. బల్ల, బస్తాలు, ముద్ర అన్నీ యజమాని అల్లుడి చేతికి పోయాయి. ఆ నిచ్చెనలకే ఎనిమిది నెలలు పెట్టెలు అంటించింది ఆమె. ఇక నా చేతిలో ఏముందిలే అని సర్దిచెప్పుకుంది.

ఒకరోజు భోజనాల వేళ గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో గుడ్డ చుట్టిన విరిగిన మెట్టు. ఆమె భర్త ఇళ్లకు రంగులు వేస్తాడు. ఆ మెట్టు ఊడి కింద పడి నడుము విరిగింది, కాళ్లలో కదలిక లేదు.

"దీని మీద ఈ ఏడో నంబరు ముద్ర ఎవరిదండీ?"

"ముద్ర నాదే. కొట్టింది నేను కాదు."

"మీ ముద్ర వేరేవాళ్లు కొడుతుంటే ఎవరికైనా చెప్పారామ్మా?"

మర్నాడు వద్దక్క ఆవిడ వెంట పోలీసు స్టేషనుకు వెళ్లి, జరిగిందంతా ఫిర్యాదులో రాసి సంతకం పెట్టింది. వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది.

తర్వాతి ఆదివారం యజమాని ఆరాధనలో ఆ రంగులు వేసేవాడికి చక్రాల కుర్చీ బహూకరించాడు. పెయింటరు అందులో కూర్చుని తల వంచుకున్నాడు. భార్య అప్పటికే ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. బదులుగా దక్కింది ఈ కుర్చీ, పెద్ద కొడుక్కి కర్మాగారంలో పని. ఆవిడకి అంతకన్నా దిక్కు లేదు. చప్పట్లు మోగాయి. వద్దక్క లేచి నిలబడింది.

"రివెట్ల సంగతి కూడా సాక్ష్యం చెప్పండి సార్."

"కూర్చోవే, పరువు తియ్యకు" అని సొంత అక్క కొంగు లాగింది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు.

కొన్నాళ్లకు లావు రివెట్లు చడీచప్పుడు లేకుండా తిరిగొచ్చాయి. అమ్మేసిన నిచ్చెనల్ని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు. వద్దక్క ఒక హాస్టల్లో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. పాస్టరుగారు అక్కడికే వచ్చి, "ఆయన్ని క్షమించెయ్యమ్మా, మనసు తేలికవుతుంది" అన్నారు.

"ఆయన క్షమాపణ అడిగారా?"

"అడగలేదనుకో..."

"నా మనసు బరువుగానే ఉండనివ్వండి అయ్యగారూ" అని, ఆమె తడి దుప్పటి రెండో కొస ఆయన చేతికిచ్చి పిండమంది.