కాలరు లేని చొక్కా

ఆయన్ని వీధిలో అందరూ కాలర్ మాస్టారు అంటారు. చొక్కాలో మిగతాదంతా ఎవరైనా కుడతారు గానీ, కాలరు మాత్రం ఆయన కుడితేనే మెడ మీద కుదురుగా కూర్చుంటుందని పేరు. తన పెళ్ళి చొక్కాకి ఉత్సాహం పట్టలేక కాలర్లో గట్టి గుడ్డ రెండు పొరలు వేసేశాడు. మెడ తిరగలేదు. పక్కనున్న పెళ్ళికూతుర్ని చూడాలంటే మొత్తం మనిషే తిరగాల్సి వచ్చింది. పెళ్ళికొడుక్కి పొగరు కాబోలని అత్తవారివైపు వాళ్ళు చాలాకాలం అనుకున్నారు. అది పొగరు కాదు, కాలరు మీద ఆకలి అని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఆకలికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళు ఆయన ఒక ఫ్యాక్టరీలో యూనిఫాంలు కుట్టాడు. అక్కడ చొక్కాలు రెండు రకాలు. పర్మినెంటు వాళ్ళకి కాలరు, ఎడమవైపు జేబు. క్యాజువల్ వాళ్ళకి, అంటే రేపట్నుంచి రావద్దంటే నోరెత్తకుండా ఇంటికి పోవలసిన వాళ్ళకి, గుండ్రటి మెడ. జేబు లేదు. ఎవరు ఎవరో అల్లంత దూరం నుంచే తెలియాలని ఆ ఏర్పాటు. రెండు రకాలూ ఆయన చేతి మీదుగానే పోయేవి. పగలంతా కాలర్లు కుట్టి, సాయంత్రం గుండ్రటి మెడతో వెనక గేటులోంచి బయటికి వచ్చేవాడు. ఒక ఏడు, ఈసారి నిన్ను పర్మినెంటు చేస్తున్నారని ఎవరో చెవిలో వేశారు. ఆయన ఆగలేక తన కొలతలతో నీలం చొక్కా ఒకటి కత్తిరించి పెట్టుకున్నాడు. అది కుట్టేలోపు కుట్టు విభాగాన్నే ఎత్తేశారు. ఆ ముక్కలు మాత్రం ఇంట్లో కుట్టుమిషను సొరుగులో అలాగే ఉండిపోయాయి.

అలాంటి ఇంట్లోకి ఫోనులో ఒక ఉత్తరం వచ్చింది. డిగ్రీ చదివే ఒక్కగానొక్క కూతురికి, వేసవి సెలవుల్లో రెండు నెలలు ఒక ఆఫీసులో ఇంటర్న్‌షిప్. కూతురు వంటింటి గుమ్మంలో నిలబడి తల్లికి చదివి వినిపిస్తోంది. రావలసిన తేదీ, పనివేళలు, చివర్లో ఒక్క మాట: దుస్తులు, క్యాజువల్.

ముందుగదిలో మిషను ఆగింది.

"ఆ ఆఖరిది మళ్ళీ చదువమ్మా," అన్నాడు మాస్టారు.

ఆమె చదివింది. అంటే మామూలు బట్టలు వేసుకుని రమ్మని, అంతేనని చెప్పింది. తల్లి గరిటె పట్టుకునే బయటికి వచ్చి, మీ నాన్నకి ఆ మాట సెలవుచీటీలో కనబడినా గిట్టదే అని నవ్వించబోయింది. మాస్టారు నవ్వలేదు.

"మాకూ మామూలు బట్టలనే చెప్పారమ్మా. మొదటిరోజు ఏ మెడతో లోపలికి వెళ్తావో, చివరిదాకా అదే మెడ."

మూడు రోజులు వీధివాళ్ళ బట్టలన్నీ పక్కన పడేశాడు. బూడిదరంగు కోటు, అదే రంగు ప్యాంటు, కాలరు కత్తిలా నిలబడే తెల్లచొక్కాలు రెండు కుట్టాడు. ఎండలు మండిపోతున్నాయి, కోటేమిటండీ అని భార్య మొత్తుకుంది. తనకు జరిగింది పిల్లకు జరగకూడదు. ఆయన తల నిండా అదొక్కటే. కూతురు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి, ఒకసారి తండ్రి మొహం చూసింది. బావుంది నాన్నా అంది.

రోజూ పొద్దున్నే కోటుతో వెళ్ళేది, సాయంత్రం కోటుతో వచ్చేది. ఎలా ఉందమ్మా అంటే బావుంది అనేది. ఐదోరోజు చొక్కా ఉతకడానికి వేస్తుంటే మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మనిషి ఏం చెప్పినా చెప్పకపోయినా కాలరు చెబుతుంది, ఆయన చదువంతా అదే. ఈ ఎండల్లో రెండు రోజులు తిరిగిన కాలరు లోపల మట్టిగీత లేదు. కోటు చంకలో చెమట మరక లేదు. వీపు మీద మాత్రం నాలుగు మడతల గీతలు, సంచీలో కుక్కినట్టు.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. విప్పించేశారన్నమాట. గుండ్రటి మెడ తొడిగించారు. పిల్ల కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

మర్నాడు అటువైపు పనుందని చెప్పి ఆఫీసుకి వెళ్ళాడు. గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. బిగుతు కాలరు, టై, భుజాల మీద బిళ్ళలు. గొంతు దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది. మాస్టారికి వచ్చిన పని మర్చిపోయేంత బాధేసింది. చొక్కా అంచులో ఎప్పుడూ గుచ్చుకుని ఉండే సూది తీసి, ఇలా తిరుగు తమ్ముడూ అని, పై గుండీ అరంగుళం జరిపి కుట్టాడు. వాచ్‌మన్ వారం తర్వాత ఊపిరి పీల్చుకున్నవాడిలా మెడ అటూ ఇటూ తిప్పాడు.

అప్పుడు మాస్టారు అద్దాల తలుపులోంచి లోపలికి చూశాడు. పొడవాటి బల్ల చుట్టూ పదిమంది. అందరివీ గుండ్రటి మెడలే. నెరిసిన జుట్టాయన ఒకడు, చెప్పులతో, తన కప్పు తనే కడుక్కుని వస్తున్నాడు. బల్ల మధ్యలో ఆయన కూతురు, ఆకుపచ్చ బనీనులాంటి చొక్కాతో, ఏదో చెబుతోంది. నెరిసిన జుట్టాయన నిలబడి వింటున్నాడు.

"ఇందులో పర్మినెంటు వాళ్ళెవరు?" అని అడిగాడు మాస్టారు.

"లోపలున్నోళ్ళలో చాలామంది పర్మినెంటేనండీ. ఆ కప్పు కడిగినాయన మా పెద్దసారు."

"మరి నువ్వు?"

"నేనా? నేను క్యాజువల్ అండీ," అన్నాడు వాచ్‌మన్ టై సర్దుకుంటూ.

మాస్టారు కూతుర్ని పిలవకుండానే వెనక్కి తిరిగాడు. దారిలో గుడ్డల కొట్టు దగ్గర ఆగి, లేత గోధుమరంగు నూలుగుడ్డ తీసుకున్నాడు. ఇంట్లో దాన్ని పరిచి కత్తెర అందుకున్నాడు. సుద్దతో గీత గీయలేదు. పద్దెనిమిదేళ్ళు వేలకొద్దీ కోసిన గుండ్రటి మెడ వంపు అది, చేతికి కంఠతా వచ్చు. అంత ఇష్టంతో దాన్ని కోయడం మాత్రం ఇదే మొదలు.

సాయంత్రం కూతురు కోటుతో ఇంట్లో అడుగుపెట్టింది.

"రేపట్నుంచి ఆ సంచీ బరువు మోయక్కర్లేదమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా.

ఆమె కోటు విప్పి కుర్చీ మీద వేసింది. తర్వాత అంతా చెప్పింది. మొదటిరోజు కోటు చూసి ఆడిట్ వాళ్ళొచ్చారనుకుని అందరూ కుర్చీల మీంచి కాళ్ళు దించుకున్నారట. పెద్దసారు లేచి నిలబడి నమస్కారం పెట్టాడట. ఎవరూ హేళన చేయలేదు గానీ ఆ పూటంతా ఎవరూ ఆమెతో మాట్లాడనూ లేదు. రెండోరోజు నుంచి బాత్రూములో మార్చుకోవడం. వంటింట్లో తల్లికి నవ్వు ఆగలేదు. మాస్టారికీ వచ్చింది, కాస్త ఆలస్యంగా.

కొత్త చొక్కా తొడుక్కుని చూసుకుంటూ ఆమె ఎడమవైపు చెయ్యి పెట్టింది. గోధుమరంగు మీద నీలం జేబు, కొంచెం పాతగుడ్డ, కొంచెం పెద్దది కూడా.

"జేబెందుకు నాన్నా? అక్కడెవరికీ ఉండదు."

"మాకూ ఉండేది కాదమ్మా," అన్నాడు మాస్టారు.

ఆమె మిషను సొరుగు వైపు చూసింది. అది తెరిచే ఉంది. వెళ్ళి తన పెన్ను తెచ్చి ఆ జేబులో పెట్టుకుంది.