బాయిలర్ అన్న నిద్ర

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకముండేదో, నా ప్రసంగం మీద అంతకన్నా కాస్త ఎక్కువే ఉండేది. వేదాంత కళాశాల నుంచి బయటపడి పటాన్‌చెరు దగ్గర ఓ చర్చికి సహాయ పాస్టరుగా వచ్చిన కొత్త. మీసం కూడా సరిగా రాని నన్ను తాత వయసువాళ్లు సైతం "అయ్యగారూ" అంటుంటే లోపల పొంగిపోతూ, పైకి గంభీరంగా తలూపేవాణ్ణి. మా పెద్దయ్యగారు ఇంద్రేశం వైపు కొత్త సంఘానికి వెళ్లిన ఆదివారాలు నావి. ముప్పావుగంటకు తగ్గితే వాక్యానికి అన్యాయం చేసినట్టేనని నా అభిప్రాయం (సంఘం అభిప్రాయం నేనెప్పుడూ అడగలేదు).

నా వైభవానికి అడ్డు ఒక్కడే, బాయిలర్ అన్న. మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ముందు వరుసలో కూర్చునేవాడు. నేను నోరు తెరిచేసరికి ఆయన కళ్లు మూతపడేవి. అయినా ఆరాధన క్రమం చిన్నప్పటినుంచీ ఒంట్లో ఇంకిపోయిన మనిషి. నిద్రలోనే ఆమేన్ దగ్గర ఆమేన్ అనేవాడు. ప్రసంగం ముగిస్తూ "తండ్రికిని కుమారునికిని పరిశుద్ధాత్మకును" అనగానే అందరూ లేవాలి కదా, అందరికన్నా ముందు ఆయనే లేచేవాడు. కళ్లు మాత్రం తెరిచేవాడు కాదు.

నాకు ఒళ్లు మండేది. గొంతు పెంచి చూశాను. బల్ల గుద్ది చూశాను (చంటిపిల్లలు ఏడ్చారు). చివరికి ఒక ఆదివారం, ప్రసంగం సగం కూడా కాకముందే, గొంతు దించి ఆ ముగింపు మాటలు పలికాను. ఆయనొక్కడే లేస్తాడు, నలుగురూ నవ్వుతారు, ఇక జన్మలో నిద్రపోడు, ఇదీ నా పథకం. ఆయన లేచాడు. ఆయన్ని చూసి ముందు వరుస లేచింది. వెనకాల ఆడవాళ్లు కొంగులు సర్దుకుంటూ లేచారు. "కూర్చోండి, ఇంకా ఉంది" అని నేను అనేలోపే కీబోర్డు టీచరమ్మ పాట అందుకుంది. మా సంఘం అంత హుషారుగా పాడటం నేనెన్నడూ వినలేదు. గుమ్మం దగ్గర చాలామంది నా చెయ్యి పట్టుకుని, ఇవాళ చాలా బాగా చెప్పారన్నారు.

అందరూ వెళ్లాక బాయిలర్ అన్న భార్య వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది.

"ఇయ్యాల గంత జల్దీ అయిపోగొట్టిన్రేంది, అయ్యగారు?"

విషయం మెల్లగా చెప్పింది. వాళ్లది రేకుల ఇల్లు. ఒక పక్క వెల్డింగ్ షాపు, ఇంకో పక్క పిండిగిర్ని. పగలు నిద్ర లేదు. గోలీలు వేసుకున్నా పట్టదు. మొన్న డ్యూటీలో కునుకు తీస్తూ సూపర్‌వైజర్ కంట్లో పడ్డాడు. మళ్లీ కనపడితే ఇంటికేనన్నాడట.

"బాయిలర్ కాడ కునుకు వడితే నౌకరే గాదు, మనిషే పోతడు. మీరు చెప్పేటప్పుడే ఆయనకు కంటినిండ నిద్ర వడ్తది. పెద్దయ్యగారు చెప్తే మేల్కొని వింటడు. జెర పొడుగు చెప్పుండ్రి, మీకు దండం పెడత."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోగుల్ని ఎలా పరామర్శించాలో, చావింట్లో ఏం మాట్లాడాలో కాలేజీలో నేర్పారుగానీ, ఇలాంటి సేవ ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే చాలా సిగ్గేసింది.

తర్వాతి నా ఆదివారం గంట దాటించాను. బల్ల జోలికి పోలేదు, గొంతు పెంచలేదు. స్టాండు ఫ్యాను ఆయన వైపు నేనే తిప్పాను. సంఘం నన్ను గుర్రుగా చూసింది. బాయిలర్ అన్న మాత్రం నోరు కొద్దిగా తెరుచుకుని పసిపిల్లాడిలా నిద్రపోయాడు. నాకు కడుపు నిండిపోయింది.

ఇప్పుడు నేనే పెద్దయ్యగారిని. తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లనుంచి వచ్చేవాళ్లు పదిహేను నిమిషాలు దాటితే వాచీ చూసుకుంటారు, నేనూ బుద్ధిగా ముగిస్తాను. బాగుందని మెసేజ్‌లు కూడా పెడతారు. సంతోషమే. కానీ నేను గంట దాటించిన ఆ ఆదివారం గుమ్మం దగ్గర బాయిలర్ అన్న తేటపడిన కళ్లతో రెండు చేతులా నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల వాక్యం మస్తుగుండె అయ్యగారు" అన్నాడు చూడండి, ఒక్క ముక్క కూడా వినకుండా, దాన్ని మించిన మెప్పు నాకు మళ్లీ దొరకలేదు.