అసలైన పొడపత్రి

నేను పనిచేసేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో. మూలికల క్యాప్సూళ్లు తయారుచేసే కంపెనీలు తాము కొన్న ఎండుటాకుల్ని మాకు పంపిస్తాయి. సంచి మీద రాసిన ఆకేనా, వేరే ఆకు కలిసిందా, బూజు పట్టిందా అని చూసి చెప్పడం నా పని. తులసి అని వచ్చిన సంచిలో ఇంకేదో ఆకు కనిపించడం మాకు కొత్త కాదు.

ఒక వేసవిలో మా అమ్మ వచ్చి నా దగ్గర ఉంది. ఆమెకు చాలాకాలంగా షుగర్, రోజూ మాత్రలు వేసుకుంటుంది. సాయంత్రం వాకింగ్‌లో పరిచయమైన ఒక ఆంటీ, పొడపత్రి నమిలితే షుగర్ దిగిపోతుందని చెప్పి, ఇండియా నుంచి తెప్పించుకున్న ఆకు ఒక కవర్ నిండా ఇచ్చారు.

"ఎవరో ఇచ్చింది నోట్లో ఎలా వేసుకుంటావమ్మా? ఏ ఆకో ఏమో!"

"నీ ఉద్యోగమే అది కదా. చూసి చెప్పు మరి," అంది అమ్మ.

నకిలీదని తేలుతుందనే ధీమాతో ఒప్పుకున్నాను. మేనేజర్‌ని అడిగి, పనయ్యాక ఒక ఆకు నానబెట్టి మైక్రోస్కోప్ కింద పెట్టాను. పొడపత్రికి ఉండాల్సినట్టే ఆకుకు రెండువైపులా మెత్తని నూగు ఉంది. గాజుపలక మీద దాని సారం విడిపోయి ఏర్పడిన రంగు చారలు, మా దగ్గరున్న అసలు పొడపత్రి చారలతో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. బూజు లేదు, పురుగు లేదు. ఇంటికొచ్చి ఒక ఆకు నమిలి చిటికెడు పంచదార వేసుకున్నాను. నోట్లో ఇసుక పోసుకున్నట్టుంది, తీపి జాడే లేదు; అసలు పొడపత్రి నమిలితే నాలుకకు కాసేపు తీపి తెలియదు. అంత మంచి ఆకు మా ల్యాబ్‌కి కూడా అరుదుగా వస్తుంది.

"అసలుదే," అన్నాను. అమ్మ ముఖం వెలిగింది. "కానీ మాత్రలు మాత్రం మానకూడదు. ఆకు మంచిదవడం వేరు, అది నీ షుగర్‌కి సరిపోవడం వేరు."

"సరేలేవే," అంది.

కొన్ని వారాలకు ఊరికే దాహమనడం, కూర్చున్నచోటే కునుకు తీయడం మొదలుపెట్టింది. ప్రయాణపు అలసట ఇంకా తీరలేదంది. ఒక ఆదివారం వాంతులై, అడిగినదానికి సంబంధం లేని జవాబులు చెబుతుంటే కారులో పడుకోబెట్టి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాను. షుగర్ విపరీతంగా పెరిగిపోయిందన్నారు.

డాక్టర్ నేను వెంట తెచ్చిన ఆకుల కవర్ చూసి, ఇందులో ఏదైనా కల్తీ ఉండొచ్చా అని అడిగింది.

"లేదు. నేనే టెస్ట్ చేశాను," అన్నాను.

సెలైన్, ఇన్సులిన్ ఎక్కించాక మర్నాటికి అమ్మ తేరుకుంది.

"మాత్రలు ఎప్పుడు మానేశావమ్మా?"

"అసలుదని నువ్వేగా తేల్చావు," అంది నీరసంగా. అందులో నిష్ఠూరమేమీ లేదు. నిజంగానే నా మాట మీద భరోసాతో ఉంది.

ఇప్పుడు అమ్మ తిరిగి ఇండియాలో మా ఊళ్లో ఉంది. మాత్రలు వేసుకుంటున్నానంటుంది, నేను నమ్ముతాను. మొన్న వీడియో కాల్‌లో ఆమె పక్కన ఎదురింటి పిన్నిగారు కూర్చుని ఉన్నారు. అమ్మ ఆవిడ చేతిలో ఒక పొట్లం పెడుతోంది.

"మా అమ్మాయి అమెరికాలో పరీక్ష చేసిన ఆకే. కళ్లు మూసుకుని వాడొచ్చు."

"పిన్నిగారూ, మాత్రలు మానకండి!" అని అరిచాను.

"అలాగేనమ్మా," అని ఆవిడ నా వైపు నవ్వి, పొట్లం సంచిలో వేసుకున్నారు.